లక్ష్మీకుమారి వేసిన మూడో నంబరు దారి

బేస్తవారిపేటలో గిద్దలూరు రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైమేడలో మూగజీవుల సేవాసమితి ఆఫీసు ఉంది. రెండే గదులు. ఒకదానిలో టీకా మందులు దాచే ఫ్రిజ్, రెండోదానిలో ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన ఫోను పెట్టె. గుమ్మం పక్కన తడిగుడ్డ చుట్టిన నీళ్ళకుండ ఒకటి ఉంటుంది. మెట్లెక్కి వచ్చినవాళ్ళు ముందు నీళ్ళు తాగాలి, తర్వాతే పని చెప్పాలి. ఆ కుండను ఇంటి నుంచి తెచ్చి పెట్టిందీ, ఆ కట్టడి చేసిందీ లక్ష్మీకుమారి. ఆమె అక్కడ కంప్యూటరు పని చూస్తుంది. వయసు ముప్పై దాటలేదు. చుట్టుపక్కల జీవాలు కాసుకునే ఆరువందల నలభై కుటుంబాలకు ఆమె ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు.

గొంతు ఎట్లా తెలుసో చెప్పాలంటే చిటుకు రోగం సంగతి చెప్పాలి. తొలకరి పడి పచ్చిక మొలిచిందంటే గొర్రెలకు పండగ, కాపరికి గుండె దడ. ఆ లేత గడ్డి ఆబగా మేసిన జీవాలకు ఈ రోగం తగులుకుంటుంది. పొద్దున బాగా మేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్ళు కొట్టుకుంటూ పడిపోతుంది. డాక్టరును పిలిచే వ్యవధి కూడా ఇవ్వదు. వానలకు ముందే టీకా వేయించడం ఒక్కటే మార్గం. టీకా పడ్డాక దాని బలం ఒంటికి పట్టడానికి రెండు వారాలు కావాలి. అందుకని ఏటా మే నెలలో సమితి వాళ్ళు ఊరూరా శిబిరాలు పెడతారు. శిబిరం ఏ రోజు, ఎక్కడ అన్నది కాపరులకు ఫోనులో చెబుతారు. తెల్లవారి ఐదు గంటలకు కంప్యూటరు తనంతట తానే జాబితా తెరిచి, ఒక్కొక్క నంబరుకూ ఫోను కలిపి, లక్ష్మీకుమారి రికార్డు చేసి పెట్టిన నాలుగు మాటలు వినిపిస్తుంది. ఆ మాటల్లో మొదటిది, "అన్నం తిన్నారా" అని. టీకా కబురుకు అన్నంతో పనేముందని సమితి కార్యదర్శి ప్రభాకరరావు గారు ఒకసారి అడిగారు. తెల్లవారుజామున మోగే ఫోను అంటే పల్లెలో చావు కబురేమో అని భయపడతారనీ, ఆ మాట వింటే భయం తీరి మిగతాది చెవికెక్కుతుందనీ ఆమె చెప్పింది. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

లక్ష్మీకుమారిది తర్లుపాడు దగ్గర ఒక చిన్న పల్లె. మందల మధ్య పుట్టిన పిల్ల. సెలవులొస్తే నాయన వెంట గొర్రెల్లో తిరిగింది. అక్షరాలు మార్కాపురం పలక మీద దిద్దింది. తర్వాత అదే మార్కాపురానికి రోజూ బస్సులో వెళ్ళి డిగ్రీ చదివింది. కాలేజీలో మిగతా పిల్లలు బొమ్మలు, రంగులు ఉన్న కంప్యూటర్ల దగ్గర గుమికూడితే, ఈమె ఒక మూల ఉన్న లినక్స్ యంత్రం ముందు కూర్చునేదట. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పలక లాగే ఉంది, భయమెందుకు వేస్తుంది అంటుంది. ల్యాబు చూసే మేడమ్ ఈ పిల్ల బస్సు సాయంత్రం ఆరింటికి గానీ లేదని తెలుసుకుని, రోజూ తాళాలు ఆమెకే ఇచ్చి వెళ్ళేది. అట్లా రోజుకో గంట, మూడేళ్ళ పాటు. షెల్ స్క్రిప్టులు రాయడం ఆ గంటల్లోనే వచ్చింది. షెల్ స్క్రిప్టు అంటే యంత్రానికి రాసి ఇచ్చే పనుల చీటీ. ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి, అయిన సంగతి ఫలానా చోట రాసి పెట్టు అని వరుసగా చెప్పే చీటీ. ఇప్పటికీ పొద్దున్నే కంప్యూటరు ముట్టుకునే ముందు గోడ మీది చెన్నకేశవస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, ఆ మేడమ్‌ను ఒకసారి తలుచుకుంటుంది.

ఆమె సమితిలో చేరేనాటికే ఫోన్లు చేసే స్క్రిప్టు ఉంది. ఒంగోలు నుంచి ఎవరో కుర్రాడు వచ్చి రాసిపోయాడు. అది బాగానే నడుస్తున్నట్టు కనిపించేది. పొద్దున ఆఫీసు తెరిచేసరికి జాబితా తయారుగా ఉండేది. పేరు, ఊరు, చెప్పిన సమయం. ప్రభాకరరావు గారు దాన్ని అచ్చు తీయించి, పైన సంతకం చేసి ఫైలులో పెట్టేవారు. పేజీల మీద పేజీలు ఉండే ఆ జాబితాను చూసి అందరికీ చెప్పేశామని నమ్మేవారు. కొత్తగా చేరిన ఆమె కూడా నమ్మింది.

ఆ నమ్మకం పోయిన ఏడాది జూలైలో పోయింది. ఒకరోజు మధ్యాహ్నం నాగయ్య మెట్లెక్కి వచ్చాడు. తర్లుపాడు వైపు మనిషి, అరవై దాటిన కాపరి, భార్యా తనూ కలిసి డెబ్భై జీవాలు కాసుకుంటాడు. లక్ష్మీకుమారికి నాయన వరసవాడు. కుండ వైపు చూడకుండా నేరుగా ప్రభాకరరావు గారి బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో పదకొండు గొర్రెలు పోయాయనీ, టీకా శిబిరం ఉందన్న సంగతే తనకు ఎవరూ చెప్పలేదనీ అన్నాడు. ప్రభాకరరావు గారు ఫైలు తీసి, జాబితా ముందుకు జరిపి, అందరికీ ఫోను పోయింది నాగయ్యా అన్నారు.

"పోయింటే పోయిండొచ్చు సార్. నా కాడికి రాలేదు. నాకు చెప్పకుంటే పాయె, గొర్రెలకన్నా చెప్పిండకూడదా? అవన్నా నడిచి వచ్చేటియ్యి."

గదిలో ఎవరూ నవ్వలేదు. లక్ష్మీకుమారి ఆ జాబితా తీసుకుని పేరు పేరునా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. నాగయ్య పేరు అందులో లేదు. ఫోను కలిసినవాళ్ళలో లేడు సరే, కలవలేదు అని కూడా ఎక్కడా లేడు. అసలు జాబితాలో అతని పేరు, నంబరు భద్రంగా ఉన్నాయి. తెల్లవారి ఐదింటికీ ఆఫీసు తెరిచే తొమ్మిదింటికీ మధ్య ఒక మనిషి పేరు మాయమైంది. నాగయ్య వెళ్ళిపోయాక ఆమె ఆ పాత స్క్రిప్టు తెరిచింది. ఫోన్లు చేయించే వరుస చివర ఈ కాసిన్ని అక్షరాలు కనిపించాయి.

2>/dev/null

కంప్యూటరు గురించి తెలియనివాళ్ళకు ఆమె ఈ సంగతి ఇట్లా చెబుతుంది. యంత్రంలో పుట్టిన ప్రతి పనికీ పుట్టుకతోనే మూడు దారులు తెరిచి ఉంటాయి. వాటికి పేర్లు లేవు, నంబర్లే. సున్నా దారి లోపలికి వచ్చేది. ఒకటో నంబరు దారిన జవాబు బయటికి వెళుతుంది. రెండో నంబరు దారిన మొర వెళుతుంది, అంటే ఫలానా పని నా వల్ల కాలేదు అని చెప్పుకునే మాట. ఈ నంబర్లనే ఫైల్ డిస్క్రిప్టర్లు అంటారు. మామూలుగా జవాబూ మొరా రెండూ తెర మీదికే వస్తాయి. కావాలంటే లెక్కల్లో పెద్దది అని చూపే గుర్తు పెట్టి ఏ దారినైనా మనకు నచ్చిన చోటికి మళ్ళించుకోవచ్చు, కాలవకు మడవ తిప్పినట్టు. జవాబును ఒక ఫైలులోకి తిప్పవచ్చు, మొరను ఇంకో ఫైలులోకి తిప్పవచ్చు. యంత్రంలో ఒక గుంత కూడా ఉంది. ఎంత పోసినా నిండదు, పోసినది మళ్ళీ చేతికి రాదు. దాని పేరే /dev/null. ఒంగోలు కుర్రాడు రెండో దారిని ఆ గుంతలోకి తిప్పి వెళ్ళాడు. ఫోను కలవని ప్రతి పేరునూ యంత్రం రోజూ నిజాయితీగా చెబుతూనే ఉంది. ఆ మాట గుంతలో పడుతోంది.

ఆమె ఈ సంగతి ప్రభాకరరావు గారికి చెప్పినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కుర్రాడిని అనవద్దు అన్నారు. మొదట్లో తెర మీద ఏవేవో అక్షరాలు వరదలా వస్తుంటే తనకే కంగారు పుట్టి, అవి కనపడకుండా చెయ్యమని తనే చెప్పానని ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మనిషి. కింద పనిచేసే అమ్మాయి ముందు ఆ మాట ఒప్పుకోవడానికి పెద్ద మనసు కావాలి. ఆయనకు ఉంది.

మర్నాడు లక్ష్మీకుమారి బస్సెక్కి నాగయ్య పల్లెకు వెళ్ళింది. ఫోను చేసి చెప్పే మాట కాదని ఆమెకు అనిపించింది. నాగయ్య దొడ్డిలో తాడు పేనుకుంటున్నాడు. ఆమె అతని ముందు కింద కూర్చుంది.

"చిన్నాయనా, తప్పు నీది కాదు. మాది. నీకు ఫోను కలవలేదని మా మిషను చెప్పింది. మేమే దాని మాట వినకుండా చేసుకున్నాం."

నాగయ్య తాడు పేనడం ఆపలేదు. కొంచెంసేపటికి లోపలికి కేకవేసి, అమ్మాయి ఎండన పడి వచ్చింది, మజ్జిగ ఇయ్యి అన్నాడు. ఆమె తాగాక అన్నాడు.

"పోయినయ్యి ఎట్లాగూ పోయినాయి. వచ్చే ఏడు ఇంగ పదకొండు పోతే మాత్రం నేను మంద అమ్ముకుని ఏదన్నా తోటకాడ కాపలాకు పోవాల్సిందే. ఈ తూరి చెప్పు, సాలు."

చెబుతానని ఆమె మాట ఇచ్చింది. ఈ కథలో ఆమె మీద ఉన్న బరువంతా ఆ ఒక్క మాటే.

నాగయ్యకు ఫోను ఎందుకు కలవలేదో కూడా ఆ రోజే తెలిసింది. ఎండాకాలం మేత వెతుక్కుంటూ మందను నల్లమల అంచుకు తోలుకుపోయేటప్పుడు అతను ఫోను ఆపేసి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి పోతాడు. అడవిలో గొర్రె తప్పిపోతే దొరుకుతుంది గానీ ఫోను పోతే దొరకదని అతని వాదన. అక్కడ ఛార్జింగూ లేదు, సిగ్నలూ లేదు. అతనొక్కడే కాదు, ఆ పల్లెల్లో ముసలి కాపరులంతా అంతే. టీకా కబురు వెళ్ళేది మే నెలలో. వాళ్ళ ఫోన్లు ట్రంకుపెట్టెల్లో నిద్రపోయేదీ మే నెలలోనే.

ఈ ఏడాది మే నెల వచ్చింది. శిబిరాల జాబితా సిద్ధమైంది. లక్ష్మీకుమారి ఆ గుంతను తీసేసి, జవాబులూ మొరలూ రెండూ ఒకే ఫైలులో వరుసగా పడేట్టు ఏర్పాటు చేసింది. కలిసినవాళ్ళ పేరు పక్కన చెప్పాము అని, కలవనివాళ్ళ పేరు పక్కన అందలేదు అని పడాలి. తెల్లవారి యంత్రం తనంతట తాను చదువుకునే పనుల పట్టికలో ఆ వరుసను మార్చి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చి ఫైలు తెరిచింది. చెప్పాము, చెప్పాము, చెప్పాము. అందలేదు అన్న మాట కోసం వెతికితే ఒక్కటి కూడా లేదు. ప్రభాకరరావు గారు సంతోషపడి, ఒక్కరు కూడా తప్పిపోలేదన్నమాట, ఇదంతా నీ చలవేనమ్మా అన్నారు. కింద దుకాణం నుంచి టీ తెప్పించారు. టీకాలు వేసే సరళ కూడా వచ్చి ఆమె భుజం తట్టింది. లక్ష్మీకుమారి మాత్రం టీ చేతిలో పట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది.

ఆ క్షణంలో ఆమె సంతోషపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. చదువుకున్నవాళ్ళు చాలామంది ఆ శుభవార్తను అక్కడే కళ్ళకద్దుకుంటారు. ఆమెకు నాగయ్య ట్రంకుపెట్టె గుర్తుంది. ఆ పెట్టెలో ఆపేసి ఉన్న ఫోను ఎట్లా మోగుతుంది? కనీసం ఒక్క పేరైనా అందలేదు అని రావాలి. రాలేదంటే యంత్రం మొర ఇంకా ఎక్కడికో పోతోంది.

"సార్, ఇది మంచి కబురు కాదు," అని లేచి టీ పక్కన పెట్టేసింది.

సరళ నవ్వి, "అందరికీ అందితే ఏడ్చేదానివి నువ్వొక్కదానివే పిల్లా" అంది.

గంటన్నర పట్టింది. ఆమె వెతకని చోటు లేదు. ఆఖరికి ఆ కంప్యూటరులోనే, ఎవరూ ఎన్నడూ తెరవని ఒక టపా డబ్బా ఉందని తట్టింది. తనంతట తాను చేసే పనిలో ఎటూ మళ్ళించని మాట ఏదైనా మిగిలితే యంత్రం దాన్ని ఉత్తరంగా కట్టి ఆ డబ్బాలో వేస్తుంది. తెరిచి చూసింది. నలభై ఏడు పేర్లు. అందలేదు, అందలేదు, అందలేదు. పదమూడో పేరు నాగయ్యది.

తప్పు ఆమెదే. ఒంగోలు కుర్రాడిది కాదు, ప్రభాకరరావు గారిది కాదు. ఆమె రాసిన వరుస చివర ఇట్లా ఉంది.

2>&1 > jabita.txt

మొదటి సగానికి అర్థం, రెండో దారిని ఒకటో దారి ఎటు పోతుంటే అటే పంపు అని. రెండో సగానికి అర్థం, ఒకటో దారిని జాబితా ఫైలులోకి తిప్పు అని. రెండు మాటలూ సరైనవే, ముందువెనకలు తారుమారయ్యాయి. యంత్రం ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ చేసుకుంటూ పోతుంది. రెండో దానికి ఆజ్ఞ ఇచ్చే సమయానికి ఒకటో దారి ఇంకా టపా డబ్బా వైపే ఉంది. కాబట్టి రెండోది అటు వెళ్ళింది. తర్వాత ఒకటోది ఫైలు వైపు తిరిగింది. రెండోది మాత్రం తనకు చూపిన దారిలోనే ఉండిపోయింది. ఆ రెండు ముక్కలూ అటు ఇటు చేస్తే సరిపోయేది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగటి తింటూ ఆమె తల్లి కొండమ్మకు ఇదంతా చెప్పింది. కొండమ్మ బడి ముఖం చూడలేదు గానీ మందలు తోలిన మనిషి. కూతురు రెండు మందలు, రెండుగా చీలే ఒక దారి అని పోలిక పెట్టి చెప్పేసరికి సగంలోనే అందుకుంది.

"ముందు మందను చేలోకి తిప్పి, ఆ తరవాత గదా ఎనక మందను దాని వెంబడి పొమ్మనాల? ముందుది రోడ్డుమింద ఉన్నప్పుడే పొమ్మంటివి, ఎనకది రోడ్డున పడి పాయె. దీనికి మార్కాపురం పోయి మూడేండ్లు సదవాల్నా? మీ నాయనను అడిగినా చెప్పేటోడు."

కూతురు నవ్వలేక నవ్వింది. ఈ మాటలు ఆమే అందరికీ చెప్పుకుంటుంది, తన తప్పుతో సహా. అది ఆమె గుణం.

సరిదిద్దడంతో ఆగకుండా ఆమె ఇంకో ఆలోచన చేసింది. రెండో దారిన వచ్చే మొరలన్నీ ఒక రకం కావు. సిమ్ము పనిచేయలేదు, ఫోను పెట్టె వేడెక్కింది, ఫైలు తెరుచుకోలేదు, ఇవన్నీ యంత్రం తన ఒంటి గురించి చెప్పుకునేవి. వీటి మధ్యలో నాగయ్య పేరు కూడా పడుతోంది. ముప్పై పేజీల యంత్రం మూలుగుల్లో ఒక మనిషి పేరు ఎవరి కంటికి ఆనుతుంది? మనుషుల పేర్లు వాటిలో కలవకూడదని ఆమెకు తోచింది. పుట్టుకతో వచ్చే సున్నా, ఒకటి, రెండు కాక, కావాలంటే మనమే కొత్త నంబరు దారి తెరుచుకోవచ్చు. స్క్రిప్టు మొదట్లోనే ఈ వరుస రాసింది.

exec 3>> andanivallu.txt

అక్కడి నుంచి ఫోను కలవని ప్రతి పేరూ, ఊరూ ఆ మూడో నంబరు దారిన ఒక ప్రత్యేకమైన ఫైలులోకి వెళతాయి. దాని పేరు అందనివాళ్ళు. ఒక్క గుర్తు కాకుండా రెండు గుర్తులు పెట్టడానికి కూడా కారణం ఉంది. ఒక్కటే పెడితే ప్రతి ఉదయమూ పాత పేర్లను తుడిచి కొత్తవి రాస్తుంది. రెండు పెడితే పాతవాటి కిందే రాస్తుంది. కబురు అందేదాకా పేరు చెరగకూడదని ఆమె పట్టు.

ఇక శిబిరానికి మూడు రోజులే ఉంది. ఫైలులో నలభై ఏడు పేర్లు. ఆకాశం అప్పటికే నల్లమల వైపు మబ్బు పట్టి కనిపిస్తోంది. ఈసారి వానలు ముందే వస్తాయని అందరూ అంటున్నారు.

ఫోను లేని కాపరిని ఎట్లా పట్టుకోవాలో ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మందల్లో తిరిగిన చిన్నతనం చెప్పింది. వానలకు ముందు ఈ ప్రాంతపు రైతులు తమ పొలాల్లో మందలు కట్టించుకుంటారు. రాత్రంతా జీవాలు పొలంలో పడుకుంటే పెంట, మూత్రం పడి నేలకు సత్తువ. కాపరికి గింజలో, రెండు పూటల తిండో ఇస్తారు. నాలుగు రాత్రులు ఒక రైతు చేలో, తర్వాత మూడు రాత్రులు ఇంకొకరి చేలో. ఎవరి పొలం తర్వాత ఎవరిదో ముందే మాట అయిపోయి ఉంటుంది. అంటే ఏ కాపరైనా రేపు ఎక్కడ ఉంటాడో అతని ఫోనుకు తెలియదు, రైతుకు తెలుసు. రైతు దగ్గర ఫోను ఉంటుంది, మోగుతుంది.

ఆమె అందనివాళ్ళ ఫైలు అచ్చు తీసి, ఒక్కొక్క పేరు పక్కన పెన్సిలుతో ఇంకో పేరు రాయడం మొదలుపెట్టింది. ఫలానా అతను నిరుడు ఎవరి చేలో మంద కట్టాడు, అతని మేనల్లుడు ఏ ఊళ్ళో ఉన్నాడు, ఆ దారిలో టీ హోటలు ఎవరిది. ప్రభాకరరావు గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆయనకు ముప్పై ఏళ్ళలో తిరగని పల్లె లేదు. ఆయన పేర్లు చెబుతుంటే ఆమె ఫోన్లు చేసింది. ఫోను ఎత్తిన ఏ రైతూ నాకెందుకు అనలేదు. ఒకతను ఎద్దులకు తవుడు కలుపుతున్నవాడు అట్లాగే చేతులు కడుక్కుని బండి తీసి, రెండు మైళ్ళ అవతల ఉన్న మందకు వెళ్ళి చెప్పి వచ్చి, చెప్పినానమ్మా అని తిరిగి ఫోను చేశాడు. టీ హోటలు ఆయన ఒక అట్టముక్క మీద శిబిరం తేదీ రాసి గుంజకు కట్టాడు. కబురు అందిన పేరు మీద ఆమె సన్నగా గీత కొట్టింది. రెండో రోజు సాయంత్రానికి నలభై ఆరు గీతలు పడ్డాయి.

మిగిలింది నాగయ్య. అతను ఈ ఏడాది వెళ్ళిన దిక్కు కొత్తది. నిరుటి రైతులెవరికీ తెలియలేదు. ఆఖరికి గిద్దలూరు దగ్గర కొండ కింది పల్లెలో ఒక రైతు భార్య, తన చేలో నాలుగు రోజులు ఉండి నిన్ననే కొండవారకు పోయినాడనీ, శిబిరానికి రమ్మంటే మందను అంత దూరం తోలుకుని రావడానికి మూడు రోజులు పడుతుందనీ చెప్పింది. అంటే కబురు అందినా ఫలితం లేదు. శిబిరం రేపే.

లక్ష్మీకుమారి సరళ ముఖం చూసింది. సరళకు ఆ మర్నాడు శిబిరంలో పని లేదు, ఇంకో జట్టు చూసుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అయినా ఆమె ఏమీ అడిగించుకోలేదు. పిల్లను మా అత్త దగ్గర వదిలి పొద్దున ఆరింటికి బస్టాండులో ఉంటాను అంది. ప్రభాకరరావు గారు ఐసు పెట్టెలో టీకా సీసాలు తనే సర్ది ఇచ్చారు.

గిద్దలూరులో బస్సు దిగి, ఆటో పట్టుకుని, ఆటో పోలేని చోట దిగి ఇద్దరూ నడిచారు. ఐసు పెట్టెను చెరో పక్కన పట్టుకున్నారు. ఆ రైతు భార్య వాళ్ళకు దారి చూపి, ఆకలేస్తుందని నాలుగు జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. ఎవరని కూడా సరిగ్గా అడగలేదు. పదకొండు గంటల వేళకు, కొండ వారన రేగుకంచె చుట్టిన దొడ్డిలో నాగయ్య మంద కనిపించింది. అతను గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"చెప్పడానికి వచ్చినా చిన్నాయనా" అంది లక్ష్మీకుమారి.

"ఫోను చెయ్యొచ్చు గదా" అన్నాడు నాగయ్య, ముల్లు తీస్తూనే. పక్కన ఉన్న భార్య ముందుగా నవ్వేసింది. తర్వాత అతనూ నవ్వాడు.

గంటలోపల మంద మొత్తానికీ టీకా పడింది. నాగయ్య ఒక్కొక్క జీవాన్ని పట్టి నిలబెడుతుంటే సరళ సూది వేసింది, లక్ష్మీకుమారి వేసినవాటికి సుద్దతో గీత పెట్టింది. చివరి గొర్రె అయ్యాక నాగయ్య చేతులు దులుపుకుని, సీసాలో మందు మిగిలిందా అని అడిగాడు. మిగిలిందనీ, తెరిచిన సీసా ఈ పూటే వాడకపోతే పారబోయడమేననీ సరళ చెప్పింది.

"అట్లయితే పారబోయమాకండి. పైన మల్లయ్య ఉండాడు. ముప్పై మేకలు, పది గొర్రెలు. మీ లిస్టులో ఉండడు. వానికి ఫోనే లేదు."

లక్ష్మీకుమారి నలభై ఏడు పేర్లూ గీతలు పడి ముగిశాయనుకుంది. మల్లయ్య ఒకటో దారిన రాలేదు, రెండో దారిన రాలేదు, ఆమె కష్టపడి తెరిచిన మూడో దారిన కూడా రాలేదు. కలవని ఫోను అయినా ఉంటేనే గదా యంత్రం అతని పేరు చెప్పేది.

నాగయ్య మందను భార్యకు అప్పగించి, ఐసు పెట్టె తన భుజానికి ఎత్తుకున్నాడు. మీరు జొన్నరొట్టెలు తింటూ రండి, ఎండ ముదరకముందే పోదాం అని ముందు నడిచాడు. పదకొండు గొర్రెలు పోగొట్టుకున్న మనిషి, ఆ పోగొట్టినవాళ్ళ పెట్టెను మోసుకుంటూ ఇంకొకరి మేకల కోసం కొండ ఎక్కాడు. దేవుడు మనుషులకు ఇట్లాంటి మనసులు ఎక్కడ దాచి ఇస్తాడో తెలియదు. మల్లయ్య జీవాలకు టీకాలు వేసి దిగేసరికి సాయంత్రమైంది.

మర్నాడు ఆఫీసుకు రాగానే లక్ష్మీకుమారి అసలు జాబితా తెరిచి, చివర మల్లయ్య పేరూ కొండ పేరూ రాసింది. నంబరు ఉండాల్సిన చోట ఖాళీగా వదిలేసింది. ప్రభాకరరావు గారు వెనక నుంచి చూసి, నంబరు లేనివాణ్ణి ఫోన్ల జాబితాలో ఎందుకు రాస్తున్నావమ్మా అని అడిగారు.

"నంబరు లేకుంటే ఫోను కలవదు గదా సార్. కలవకుంటే అందనివాళ్ళలో పడతాడు. అందులో పడితే మనం ఎవరో ఒకరం పోతాం."

ఆయన తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, పాత డైరీలు తీసి, ఫోన్లు లేని కాపరుల పేర్లు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. జూన్ మూడో వారంలో వానలు పడ్డాయి. అప్పటికి ఆ కాగితం మీద ఇరవై రెండు పేర్లు ఉన్నాయి, ఇరవై రెండింటి మీదా గీతలు ఉన్నాయి. నాగయ్య మందలో ఆ పచ్చికకు ఒక్క గొర్రె కూడా పోలేదు.